కొన్నవాడి మీదే కాపలా

పోయిన సంచికలో పిల్లలకు ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలో రాస్తూ, గేములు కొనేటట్టయితే డబ్బిచ్చే కొనండి, డూప్లికేట్ల జోలికి పోకండి అని చివర్లో ఒక మాట కలిపాను. ఆ ఒక్క మాటకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకే ఈసారి ప్రింటర్లు, వైఫై ప్రశ్నలు పక్కన పెట్టి గేములకు వేసే తాళాల గురించే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మీ మాట విని మావాడి పుట్టినరోజుకి రూ.2,999 పెట్టి గేము కొనిచ్చాను. మాది పల్లెటూరు, గట్టిగా వాన పడితే నెట్ పోతుంది. దసరా సెలవుల్లో మూడు రోజులు నెట్ లేదు. ఆ మూడు రోజులూ గేము తెరుచుకోలేదు, 'సర్వరుతో కనెక్ట్ కాలేకపోయాం' అని వస్తుంది. పదిమందితో కలిసి ఆడే గేము కూడా కాదు, వాడొక్కడే ఆడుకునేది. పక్కింటి కుర్రాడు అదే గేమును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చి, పైసా ఖర్చు లేకుండా, నెట్‌తో పని లేకుండా ఆడుతున్నాడు. 'డబ్బులిచ్చి మనమేం తప్పు చేశాం నాన్నా' అని మావాడు అడిగాడు. ఏం చెప్పమంటారు?
— ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: కొనమన్నది నేను. కాబట్టి వాడికి జవాబు చెప్పాల్సిన బాధ్యతా నాదే. మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు, మీరూ చేయలేదు. తప్పు ఆ తాళం అలా వేసినవాళ్లది.

మీరు కొన్న గేము తెరిచినప్పుడల్లా 'నేను ఫలానావారి కంప్యూటర్లో ఉన్నాను, వీళ్లు డబ్బు కట్టారా' అని కంపెనీ సర్వరును అడుగుతుంది. అటునుంచి 'కట్టారు' అని వస్తేనే ముందుకు కదులుతుంది. ఇలాంటి ఏర్పాట్లన్నిటినీ కలిపి డీఆర్ఎం అంటారు. కొన్ని గేములు మొదటిసారి ఒక్కసారి అడిగి ఊరుకుంటాయి. కొన్ని అప్పుడప్పుడూ అడుగుతాయి. కొన్నయితే ఆడుతున్నంతసేపూ అడుగుతూనే ఉంటాయి. పక్కింటి కుర్రాడి కాపీలో ఆ అడిగే భాగాన్ని ఎవరో కోసి పారేశారు, లేదా సర్వరే జవాబిచ్చినట్టు నమ్మించే ముక్క ఒకటి అతికించారు. క్రాక్ అంటే ఇదే. ఎవరిని ఆపడానికి తాళం చేశారో వాళ్ల దగ్గర ఇప్పుడు తాళమే లేదు. డబ్బు కట్టిన మీ గుమ్మానికే వేలాడుతోంది.

కాకినాడలో నేను రిపేరు షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ తాళం బాధ ఎలా ఉంటుందో నా చేతుల మీదుగానే తెలుసుకున్నాను. 2009 వేసవిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు పిడుగుకి మదర్‌బోర్డు పోయిన సీపీయూ తెచ్చాడు. బాగు చేశాక సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి బరువైన గేము పెట్టి చూడటం మా అలవాటు. వాడే తన గేము పెట్టెతో సహా ఇచ్చి వెళ్లాడు. ఆ పెట్టె నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. లోపలి అట్ట మీద వెండి రంగు స్టిక్కరు, దాని మీద గేము ఎక్కించేటప్పుడు కొట్టాల్సిన కీ అక్షరాలు, అవి చెరిగిపోకుండా పైన సెల్లోటేపు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో హైదరాబాదు వెళ్లినప్పుడు కొన్నాడట.

బోర్డు మార్చాను, విండోస్ ఎక్కించాను, గేము ఎక్కించాను. అరగంటకి హ్యాంగయింది. ర్యామ్ కూడా దెబ్బతిన్నదని అప్పుడు తెలిసింది. అదీ మార్చి, మళ్లీ ఫార్మాట్ కొట్టి సాయంత్రానికి ఇచ్చి పంపించాను. మర్నాడు షట్టరు ఎత్తేసరికి వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గేము ఎక్కించబోతే 'మీ యాక్టివేషన్లు అయిపోయాయి' అని వచ్చిందట. ఆ గేమును మొత్తం మీద మూడుసార్లే ఎక్కించుకోనిస్తారు. మొదటిది కొన్నరోజు వాడే వాడుకున్నాడు. రెండోది అంతకు ఆర్నెల్ల ముందు వైరసొచ్చి నేను ఫార్మాట్ కొట్టినప్పుడు పోయింది. మూడోది ముందురోజు నేను చేసిన టెస్టుకి పోయింది. కంపెనీకి మెయిలు పెడితే బిల్లు స్కాన్ చేసి పంపమన్నారు. బిల్లు చూస్తే థర్మల్ కాగితం, అక్షరాలన్నీ వెలిసిపోయాయి. చివరికి మదర్‌బోర్డు మార్చింది నేనేనని నా షాపు బిల్లుబుక్కు మీద రాసి, ముద్ర వేసి, డిస్కు ఫొటోతో కలిపి పంపించాను. పదకొండు రోజులకు ఇంకొక్కసారి ఎక్కించుకోవచ్చని జవాబొచ్చింది. ఆ పదకొండు రోజులూ వాడు రోజూ సాయంత్రం వచ్చి నా మెయిలు చూసి వెళ్లేవాడు. అదే వీధి మొదట్లో రోడ్డు పక్కన ఆ గేము డూప్లికేట్ డిస్కు దొరికేది, దానికి కీ గొడవ లేదు. వాడు మాత్రం కొనలేదు.

మా కుర్రాడి కథే అదే కాలంలో ప్రపంచమంతా జరిగింది. 2008 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 'స్పోర్' అనే గేము విడుదల చేసింది. దానికీ మూడు యాక్టివేషన్ల నియమమే. కొన్నవాళ్లు అమెజాన్‌లో ఒక్క నక్షత్రం రివ్యూలు కుప్పలుగా రాశారు, కోర్టుకూ వెళ్లారు. మూడును అయిదు చేశారు. ఇంత తాళం వేసినా, ఆ ఏడాది దొంగతనంగా ఎక్కువమంది దింపుకున్న గేముల లెక్క తీసినవాళ్లు స్పోర్‌నే మొదటి స్థానంలో పెట్టారు.

మీ ఇంట్లో జరిగింది మాత్రం ఇంకో రకం, ఎప్పుడూ నెట్ ఉండి తీరాలనే రకం. దీన్ని 2010లో యూబీసాఫ్ట్ 'అస్సాసిన్స్ క్రీడ్ 2' కంప్యూటర్ వెర్షన్‌కి పెట్టింది. ఆటగాడు ఒంటరిగా ఆడే కథ అది. మధ్యలో నెట్ పోతే ఆట అక్కడే ఆగిపోయేది. మార్చిలో విడుదలైన కొద్ది రోజులకే ఎవరో ఆ సర్వర్ల మీద దాడి చేశారు. ఇంట్లో నెట్ బ్రహ్మాండంగా ఉన్నవాళ్లలో కూడా కొందరు గంటల తరబడి ఆడలేకపోయారు. ఆ పద్ధతి మానేశామని కంపెనీయే 2012లో ఒప్పుకుంది. 2013 మార్చిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 'సిమ్‌సిటీ' తెచ్చింది. ఊరు కట్టుకునే ఆట. సర్వర్లు లేకుండా నడవదన్నారు, లెక్కలన్నీ అక్కడే జరుగుతాయన్నారు. విడుదలైన రోజుల్లో సర్వర్లు కుదేలయ్యాయి, డబ్బు కట్టినవాళ్లు క్యూలో నిలబడ్డారు. క్షమాపణగా ఇంకో గేము ఉచితంగా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, అదే గేముకి నెట్ లేకుండా ఆడే సదుపాయం పెట్టారు. అంటే సర్వరు లేకుండా ఆడించడం కుదరని పనేమీ కాదన్నమాట. ఆ ఏడాదంతా కొన్నవాళ్లు పడిన అవస్థకు నాకు కారణం కనిపించదు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. మీరు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోరులో కొని ఉంటే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. గడువు దాటిపోయినా ఒకసారి రాయండి, వచ్చిన ఎర్రర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి జతచేయండి. నెట్ ఎప్పుడూ ఉండాలని అమ్మేటప్పుడు ఎక్కడా రాయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు. ఇక ముందు కొనేటప్పుడు స్టోరు పేజీని కిందిదాకా చదవండి. కుడిపక్క చిన్న పెట్టెలో బయటి డీఆర్ఎం ఉందని, ఇంకో అకౌంటు కావాలని రాసి ఉంటుంది. ఆ పెట్టె చూడకుండా కొనమని మీకు చెప్పినందుకు క్షమించండి. పోయిన నెల నేను రాసిన వాక్యంలో లేనిది అదే.

మీవాడితో నా మాటగా ఒకటి చెప్పండి. ఆ గేము చేయడానికి ఏళ్ల తరబడి కూర్చున్న బొమ్మలు గీసేవాళ్లకీ, సంగీతం కట్టేవాళ్లకీ వాడిచ్చిన డబ్బు చేరింది. వాళ్లెవరూ ఆ తాళం వేయలేదు.

ప్రశ్న: తాళం వల్ల గేము నెమ్మదిస్తుందని మా హాస్టల్లో ఒకటే వాదన. క్రాక్ కాపీయే స్పీడుగా నడుస్తుందంటారు. నిజమేనా?
— బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: అన్ని గేముల్లోనూ కాదు, కానీ నిజంగా జరిగింది. 2021లో కాప్‌కామ్ 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' విడుదల చేసింది. అందులో డెనూవో అనే తాళం, దాంతోపాటు కాప్‌కామ్ సొంత తాళం ఇంకొకటి ఉన్నాయి. కొన్నవాళ్లకు దయ్యాన్ని కాల్చే సరికి బొమ్మ పట్టిపట్టి కదిలేది. జూలైలో క్రాక్ బయటికొచ్చాక చూస్తే, అందులో ఆ తడబాటు లేదు. డిజిటల్ ఫౌండ్రీ అనే పరీక్షకుల బృందం రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలిచి ఇది నిజమేనంది. అదే నెలలో కాప్‌కామ్ తాళాన్ని సర్దుతూ ప్యాచ్, అంటే గేమును సరిదిద్దే ఫైలు, ఇచ్చింది, బొమ్మ సాఫీ అయింది. కంచే చేను మేయడమంటే ఇదే.

డెనూవో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టిన కంపెనీ. 2014లో 'ఫీఫా 15'తో మొదలైంది. గేము కోడ్‌లో కొన్ని ముక్కల్ని మెలికలు తిప్పి దాచేస్తుంది, వాటిని తెరిచే అనుమతిని మీ కంప్యూటర్ భాగాలకు ముడివేస్తుంది. ఆ మెలికలు ఆటలో అరుదుగా నడిచే చోట పెడితే మీకు తేడా తెలియదు. క్షణక్షణం నడిచే చోట పెడితే ప్రాసెసరు మీద భారం పడుతుంది. అందుకే ఒక గేములో కనపడని బరువు ఇంకో గేములో కనపడుతుంది. మీ హాస్టల్లో రెండు పక్షాలూ తమ కళ్లతో చూసిందే చెబుతూ ఉండొచ్చు.

ఇంకో సంగతి కూడా వాళ్లకు చెప్పండి. 2021 నవంబరులో డెనూవోకు చెందిన ఒక డొమైన్ పేరు, అంటే నెట్‌లో వాళ్ల చిరునామా, గడువు తీరిపోయింది. దాన్ని మళ్లీ పొడిగించుకునేదాకా, డబ్బిచ్చి కొన్న కొన్ని గేములు ప్రపంచవ్యాప్తంగా కొన్ని గంటలు తెరుచుకోలేదు. కరెంటు బిల్లు కట్టడం వాళ్లు మర్చిపోతే మన ఇంట్లో దీపం ఆరిపోయినట్టయింది.

ప్రశ్న: మేం ముగ్గురం ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్లు ఒక చిన్న గేము తయారుచేస్తున్నాం. రెండేళ్ల కష్టం. తాళం లేకుండా వదిలితే ఒక్కడు కొని వెయ్యిమందికి పంచుతాడని భయంగా ఉంది. మీరు కొనేవాళ్ల తరఫునే మాట్లాడతారా, మా బాధ కూడా చూస్తారా?
— ముగ్గురు మిత్రులు, కూకట్‌పల్లి

జవాబు: మీ బాధ చూడకపోతే ఈ శీర్షిక రాయడానికి నేను తగను. మీ భయానికి సాక్ష్యాలున్నాయి. 2013లో ఇద్దరు అన్నదమ్ముల గ్రీన్‌హార్ట్ గేమ్స్ 'గేమ్ డెవ్ టైకూన్' అనే గేమును తాళం లేకుండా, ఎనిమిది డాలర్ల ధరకి పెట్టింది. మొదటి రోజు కొన్నవాళ్లు 214 మంది. దొంగ కాపీ ఆడినవాళ్లు 3,104 మంది. అంటే వందలో 93 మందికి పైగా. ఆ దొంగ కాపీని వాళ్లే బయటికి వదిలారు. గేములు తయారుచేసే కంపెనీని నడిపే ఆట అది. ఆ కాపీలో మాత్రం మీ గేముల్ని అందరూ దొంగిలిస్తున్నారని చూపించి, చివరికి కంపెనీని దివాలా తీయించేవాళ్లు. తాళం వేసి అమాయకుల్ని ఏడిపించకుండా దొంగకే తగిలేలా చేసిన ఆ పని నాకు నచ్చింది.

2024లో విలియం వోల్క్‌మన్ అనే పరిశోధకుడు డెనూవో వేసిన గేముల అమ్మకాల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. విడుదలైన మొదటి వారంలోనే తాళం విరిగితే రాబడిలో సగటున అయిదో వంతు దాకా పోతోందని, పన్నెండు వారాల తర్వాత విరిగితే దాదాపు నష్టమేమీ లేదని తేల్చాడు. దీన్ని నేను కొట్టిపారేయను. పెద్ద కంపెనీ మొదటి మూడు నెలలు తాళం వేసుకుంటానంటే అర్థం చేసుకోగలను. నాలుగో నెలలో ఎందుకు తీయరన్నదే నా ప్రశ్న. తీసినవాళ్లు ఉన్నారు. 2017లో 'రైమ్' గేము చేసినవాళ్లు, తాళం విరిగిన రోజున మేమే దాన్ని తీసేస్తామని ముందే మాటిచ్చారు. అయిదు రోజుల్లో విరిగింది, మాట నిలబెట్టుకున్నారు.

అసలు తాళమే లేకుండా బతికిన పోలండ్ వాళ్లనూ చూడండి. సీడీ ప్రాజెక్ట్ 2011లో 'విచర్ 2'కి డిస్కుల్లో తాళం వేసి, విడుదలైన రెండు వారాల్లోపే ప్యాచ్‌తో తీసేసింది. తీశాక గేము చురుగ్గా నడుస్తోందని వాళ్లే చెప్పారు. 2015లో 'విచర్ 3'ని తమ సొంత జీఓజీ స్టోరులో తాళం లేకుండానే అమ్మారు. దొంగ కాపీ కావాలన్నవాడికి మొదటి రోజే దొరికే పరిస్థితి. 2023 నాటికి అన్ని రకాలూ కలిపి 5 కోట్ల కాపీలు దాటాయి. మీది విచర్ కాదు, నాకు తెలుసు. కానీ డెనూవోకి కట్టే స్తోమత కూడా మీకు ఉండదు. ఆ డబ్బూ, ఆ రాత్రులూ గేము మీద పెట్టండి. ధర మనవాళ్లు ఇవ్వగలిగేంత ఉంచండి, ఆడి చూడ్డానికి కొంత భాగం ఉచితంగా వదలండి, కొన్నవాడు మెయిలు రాస్తే ముగ్గురిలో ఒకరు ఆ రోజే జవాబివ్వండి. మా షాపుకొచ్చే కుర్రాళ్లలో, చేసినవాళ్లతో ఒక్కసారి మాట్లాడినవాడు వాళ్ల గేమును దొంగ కాపీ పెట్టడం నేను చూడలేదు. గేము పూర్తయ్యాక నాకు రాయండి, కొనుక్కుంటాను.

ప్రశ్న: నేను ఒకసారి కొన్న గేముకే క్రాక్ వేసుకుంటే అది దొంగతనమా?
— పేరు వద్దు, అనంతపురం

జవాబు: న్యాయం మీ వైపే ఉందని నా మనసుకు అనిపిస్తుంది. చట్టం సంగతి వేరు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షను చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని విరిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ ఉద్దేశం అది కాదని మీరు వాదించుకోవచ్చు, వాదన గెలుస్తుందని నేను హామీ ఇవ్వలేను.

చట్టాన్ని అటుంచితే, రిపేరు బల్ల దగ్గర నేను చూసింది చెబుతాను. క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. మనమే తలుపు తీసిపెట్టి లోపలికి రమ్మన్నట్టు. పోయిన ఏడాది ఒకమ్మాయి ల్యాప్‌టాప్ వేడెక్కిపోతోందని తెచ్చింది. గేమేదీ ఆడకపోయినా ఫ్యాను అరుస్తోంది. క్రాక్‌తోపాటు దిగిన ప్రోగ్రాము ఒకటి వెనకాల క్రిప్టో నాణేలు తవ్వుతోంది, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఎత్తుకుపోయింది. ఆ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ అప్పటికే ఎవరి చేతిలోనో ఉంది. ఇద్దరం కూర్చుని బ్యాంకు దగ్గర్నుంచి పాస్‌వర్డులు ఒక్కొక్కటే మార్చేసరికి రాత్రి తొమ్మిదయింది. అదే గేము జీఓజీలో తాళం లేకుండా దొరుకుతుందేమో ముందు చూడండి. అక్కడ దింపుకున్న ఫైలును ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో దాచుకుంటే నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు.

ప్రశ్న: ఇక్కడ 'కొనండి' అని రాసి అమ్మిన కార్ల గేము ఒకటి మా ఇంట్లో ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కంపెనీయే సర్వరు ఆపేసిందట. ఇలా చేయొచ్చా?
— ప్రవాస పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: మీరు చెప్పే గేము ఏదో రాయలేదు. అలా జరిగిన పెద్ద ఉదాహరణ 'ది క్రూ'. 2014లో వచ్చింది, ఒంటరిగా ఆడినా సర్వరు కావాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ఆ సర్వర్లు మూసేసింది. డిస్కు చేతిలో ఉన్నవాళ్లకూ అది అక్కరకు రాలేదు. అప్పుడే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలైంది. అమ్మిన గేమును ఆపేసేటప్పుడు, ఆడుకునే స్థితిలో వదిలి వెళ్లాలన్నది వాళ్ల కోరిక. యూరప్ పౌరుల అర్జీకి 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి. మీ రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. వెనక్కి లాక్కోగలిగిన డిజిటల్ వస్తువును 'కొనండి' అని అమ్మితే, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. అంతకుముందు కొన్నదైతే ఈ చట్టం మీకు అక్కరకు రాకపోవచ్చు. ఇకమీదట ఆ వాక్యం కనిపించిన చోట రెండుసార్లు ఆలోచించండి.

ప్రశ్న: అటక సర్దుతుంటే 2004లో మా అన్నయ్య కొన్న ఒరిజినల్ గేము డిస్కు దొరికింది. అన్నయ్య ఇప్పుడు లేడు. ఒక్కసారి ఆడి చూద్దామంటే విండోస్ 10లో ఎక్కుతుంది కానీ తెరుచుకోదు. డిస్కు మీద గీత కూడా లేదు.
— ఒక చెల్లెలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, డిస్కులో లోపం లేదు. ఆ రోజుల్లో చాలా డిస్కులకు సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు. డిస్కు అసలుదా నకలుదా అని కనిపెట్టడానికి విండోస్ లోపల ఒక డ్రైవర్ పనిచేసేది. దానివల్ల కంప్యూటర్ భద్రతకు ముప్పుందని 2015లో విండోస్ 10 తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. కాపలావాడు వెళ్లిపోయాడు, తలుపు మాత్రం వాడి కోసమే చూస్తోంది. ఆ డ్రైవర్‌ను నెట్‌లో వెతికి బలవంతంగా ఎక్కించొద్దు. పాత గేముల్ని తాళం తీసి జీఓజీలో మళ్లీ అమ్ముతున్నారు, మీది ఉందేమో చూడండి. కానీ మీకు కావాల్సింది అన్నయ్య డిస్కే అనుకుంటాను. మా షాపులో విండోస్ ఎక్స్‌పీతో నడిచే పాత సీపీయూ ఒకటి నెట్ కనెక్షన్ ఇవ్వకుండా ఇలాంటి వాటి కోసమే ఉంచాను. గేము పేరు, పెట్టె మీద రాసిన కీ ఇంకా చదవడానికి వస్తోందో లేదో రాయండి. అన్నయ్య వాడిన పాత హార్డ్ డిస్కు ఇంట్లో ఉంటే దాన్ని ఫార్మాట్ కొట్టనివ్వకండి. ఆయన ఎక్కడిదాకా ఆడారో ఆ సేవ్ ఫైలు అందులో ఉండొచ్చు.